మూడు సీసాల ద్రాక్షకల్లు

జహీరాబాద్,
వ్యయ సంవత్సరం, కార్తీక మాసం,
1946 నవంబరు 14.

మిత్రుడు రామ్‌కిషన్‌కు విరూపాక్ష నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ, లూచియా, మీ పసిబిడ్డా, జాకొమో తాతా క్షేమమని తలుస్తాను. ఈ మాట రాయకుండా ఉత్తరం మొదలుపెట్టకూడదని మనిద్దరికీ ఒకే పంతులు నేర్పాడు కనుక రాశాను. ఇక మీద రాసేదాంట్లో క్షేమం తక్కువే.

దీపావళి వెళ్ళాక నీ ఉత్తరం అందింది. పరదేశపు స్టాంపు చూసి పోస్టుమ్యాన్ బస్సు స్టాండులో అందరి ముందూ ఎవరు రాశారని అడిగాడు. మిలిటరీ కాగితమని చెప్పాను. నీ కోసం నేనాడిన అబద్ధాల్లో అదొకటి. నేనిప్పుడు బీదరు బస్సు నడుపుతున్నాను. ఆ రోజు బస్సు వెనక్కి తిప్పి తెచ్చేదాకా కవరు చింపలేదు.

ఉత్తరం నిండా ఈ ఏటి ద్రాక్ష కోతల ముచ్చట్లే. పీపాలు కడిగిన సంగతి, ఫ్రెయిజా వైను ఈసారి ఎక్కువ పొంగిన సంగతి, బిడ్డకు నీ కళ్ళే వచ్చిన సంగతి. చివర్న రెండు ప్రశ్నలు. నాయన వైన్లు రుచి చూశాడా, మూడింటిలో ఆయనకు ఏది నచ్చింది అని మొదటిది. దేవమ్మ ఇంకా ఆ ఇంట్లోనే ఉందా, నా పేరు మీద అట్లాగే కూర్చుని ఉంటే ఒక్క మాట రాయి, అన్నీ వదిలి వచ్చేస్తాను అని రెండోది. ఈ రెండూ ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి ఎట్లా రాయగలిగావో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. అయినా నువ్వడిగిన వరుసలోనే జవాబు చెబుతాను.

మొదట సీసాల సంగతి.

ఆ మలుపు నీకు గుర్తుండే ఉంటుంది. యుద్ధం అయిపోయి ఇంగ్లీషు మిలిటరీ లారీలు కొండ కిందికి వచ్చినప్పుడు, పోయి పేర్లు రాయించుకుందాం పదమన్నాను. ఆఫ్రికా ఎడారిలో మనం నడిపే మిలిటరీ లారీలతో సహా పట్టుబడిన నాటినుంచి ఒకే దుప్పటి కప్పుకుని బతికినవాళ్ళం. ఇటలీ చెరలో కలిసే ఉన్నాం. కావలివాళ్ళు పారిపోయిన రోజు కంచె దాటి కలిసే ఆ కొండలెక్కాం. ఇంటికీ కలిసే పోతామనుకున్నాను. నువ్వు ద్రాక్షతోట మలుపు దాకా వచ్చి, గడ్డి చుట్టిన మూడు సీసాలు నా సంచిలో సర్ది, అప్పుడు బయటపెట్టావు. చలికాలంలోనే జ్వరమొచ్చి పోయాడని చెప్పమన్నావు. మీ కులంలో మారుమనువుకు అడ్డులేదు గనుక నువ్వు తాళి కట్టిన దేవమ్మకు అదే మేలన్నావు. సీసాలు జాకొమో తాత ఇచ్చాడని చెప్పమన్నావు. నాయనకు దగ్గరుండి రుచి చూపించు, ఏది దేనితో తినాలో నీకు తెలుసు కదా, అది నోటికి తగిలితే నేనెందుకు ఇక్కడ ఆగిపోయానో ఎవరూ చెప్పకుండానే ఆయనకు తెలుస్తుంది అన్నావు.

చచ్చిపోయిన కొడుకు ఎందుకు ఆగిపోయాడో తండ్రికి ఎట్లా తెలుస్తుందిరా? నీకు చావూ కావాలి, చచ్చాక నిన్ను అర్థం చేసుకునేవాళ్ళూ కావాలి. ఆ మలుపులో ఈ మాట నాకు తోచలేదు. నువ్వు ఏడుస్తున్నావు. నేను సరేనన్నాను.

ఆ వంటిల్లును నేనూ మరిచిపోలేదు. జర్మన్లు ఊరూరూ గాలిస్తుంటే మనల్ని పశువుల కొట్టం అటక మీద దాచి, చీకటి పడ్డాక కిందికి పిలిచి పొయ్యి పక్కన కూర్చోబెట్టిన మనిషి జాకొమో తాత. రాగి గంగాళంలో మొక్కజొన్న సంకటి ఉడికించి, చెక్కబల్ల మీద కుమ్మరించి దారంతో కోసేవాడు. రాజుల బల్లల మీదికి పోయే పేరున్న వైన్లు పక్క కొండలవనీ, తనవి ఆ రెండు లోయలు దాటితే ఎవరికీ తెలియవనీ నవ్వేవాడు. గ్లాసు వెలుతురుకు పట్టి రంగు చూడమనేవాడు. తిప్పి వాసన పట్టమనేవాడు. కొంచెం నోట్లోకి తీసుకుని నాలుక మీద ఆపి మింగాక, ఒక ముద్ద తిని మళ్ళీ ఒక గుక్క తాగమనేవాడు. వట్టి నోటితో తాగితే ఏ వైనూ తెలియదని, తిన్నాక తాగే గుక్కలోనే దాని సంగతి బయటపడుతుందని ఆయన పాఠం.

గ్రిన్యొలీనో దానిమ్మ గింజలు కడిగిన నీళ్ళలా లేతగా ఉండి, నోట్లో పడితే పచ్చి నేరేడుకాయ వగరు. ఫ్రెయిజా పొద్దుటి కల్లులాగా నురగ కట్టి, అడవిపండ్ల పులుపుతో మొదలై చేదుతో దిగుతుంది. వెల్లుల్లీ ఉప్పుచేపలూ నూనెలో కాచి, అందులో పచ్చి కూరగాయలు ముంచుకుని తింటూ తాగేవాళ్ళం. మొదటిసారి ఆ చేపల వాసనకు నేను బయటికి పరిగెత్తి కక్కుకున్నాను. లింగం కట్టుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, గుడ్డు ముట్టనివాణ్ణి, ఆకలికి అన్నీ తిన్నాను. నువ్వు నవ్వావు. మూడోది రుకే. ఆయన కూడా పండగలకే తీసేవాడు. కళ్ళు మూసుకుని ఏది ఏదో నువ్వు తప్పు లేకుండా చెబుతుంటే, నీ నాలుక ఈ కొండల్లోనే పుట్టిందని ఆ ముసలాయన నీ వీపు చరిచేవాడు. అది జహీరాబాదులో మీ అమ్మ పెట్టిన పుంటికూర మీద పెరిగిన నాలుక అని నువ్వు ఒక్కసారీ చెప్పలేదు. ఆ ఇంటి పిల్ల లూచియా నీ పక్కనే కూర్చునేది.

సరే. క్యాంపులు, ఓడ, బొంబాయి అన్నీ దాటుకుని సంక్రాంతి వెళ్ళిన వారానికి ఊరు చేరాను. సంచి విప్పిన ప్రతి సార్జెంటుకూ అవి పేగుల జబ్బుకు మందని చెప్పుకుంటూ వచ్చాను. మా అమ్మ నన్ను గడప దాటనివ్వలేదు. జంగమయ్యను పిలిపించి, స్నానం చేయించి, మెడలో మళ్ళీ లింగం కట్టించాకే లోపలికి రానిచ్చింది. ఇక జన్మలో మాంసం, మద్యం ముట్టనని ఆమె కాళ్ళు పట్టుకుని ఒట్టు పెట్టాను. మరుసటి రోజు మీ ఇంటికి వెళ్ళాను.

మీ నాయన వాకిట్లో కంది కట్టె మోపు కడుతున్నాడు. నన్ను ఒంటరిగా చూడగానే చేతిలో తాడు వదిలేశాడు. నా వెనక రోడ్డు వైపు చూశాడు. ఇంకొకడు వెనకబడి వస్తున్నాడేమోనని చూశాడు, తెలుస్తోందా నీకు? నువ్వు చెప్పమన్నదే చెప్పాను. జ్వరమన్నాను, చలికాలమన్నాను. తెల్లవాళ్ళ శ్మశానంలో కాకుండా మన పద్ధతిలో నిప్పు పెట్టానని నా సొంతంగా ఒక మాట కలిపాను, వాళ్ళ మనసు కుదుటపడాలని. మీ అమ్మ అక్కడే కూలబడి, నేల మీద చేతులు కొట్టుకుంటూ, ‘నా కొడుకు ఆకరికి నీళ్ళన్న తాగిండా బిడ్డా, ఎవలు పోసిన్రు’ అని అడిగింది. నేనే పోశానని చెప్పాను. దేవమ్మ గుమ్మంలో నిలబడి అంతా విని లోపలికి వెళ్ళింది.

కబురు తెలిసిన నాటినుంచి దినాలు చేశారు. కొడుక్కి చేయవలసిన కర్మ లోటు రాకూడదని మీ నాయన పట్టుబట్టాడు. లెవీ కింద జొన్నలన్నీ సర్కారు కొలుచుకుపోయిన ఏడాది అది. పక్కింటివాళ్ళు తలా ఒక చేటెడు తెచ్చి పోశారు. నారింజ వాగు ఒడ్డున, బండ మీద, దేవమ్మ గాజులు పగలగొట్టారు. ముత్తైదువలంతా మొహాలు తిప్పుకుని నిలబడ్డారు. ఒక ముక్క మణికట్టులో దిగి రక్తం వచ్చింది. అదే పొద్దున నువ్వు ద్రాక్ష తీగలకు కత్తెర వేస్తూ ఉండి ఉంటావు, లూచియా వెనకే తీగలు కట్టుకుంటూ వచ్చి ఉంటుంది. వాగు ఒడ్డున నిలబడి నేనదే ఆలోచించాను. నోరు మాత్రం తెరవలేదు.

ఆ మధ్యాహ్నమే నీ సీసాలు తీశాను. చనిపోయినవాడికి ఇష్టమైనవి పెట్టాలి కదా. నీకు ఇష్టమైనవేమిటని మీ అమ్మ అడిగింది. నిన్ను చూసుకున్న ఇంటి ముసలాయన పంపినవని చెప్పి మూడూ ముందు పెట్టాను. మాట కుదరాలి గనుక, నేను బయల్దేరిన పొద్దున నా కళ్ళముందే పీపాలోంచి పట్టి, బిరడా కొట్టి, దారం కట్టి ఇచ్చాడని కూడా చెప్పాను. మీ నాయన గడ్డి పక్కకు జరిపి ఒక సీసాను చంటిపిల్లలాగా ఒళ్ళో పెట్టుకుని, ‘ద్రాక్షతోని సుత కల్లు తీస్తరా’ అన్నాడు. అప్పటినుంచి వాకిట్లో అందరికీ అది ద్రాక్షకల్లే.

దేనితో ఏది తినాలో నేనే వంటవాళ్ళకు చెప్పాను. మేకపోతును తెచ్చి కోసింది జబ్బార్ చాచా. నీ చిన్నప్పుడు నిన్ను భుజాల మీద ఎక్కించుకుని సంతంతా తిప్పిన ఆ చాచా, కోసిన మాంసానికి ఏమీ తీసుకోలేదు. బస్సు స్టాండు హోటలు నుంచి గాజు చాయ్ గిలాసలు అడిగి తెచ్చింది కూడా ఆయనే. ఇత్తడి లోటాల్లో పోస్తే పులుపుకు చిలుమొస్తుందని నేను భయపడ్డాను. సీసాలను తడి గోనెలో చుట్టి కుండనీళ్ళలో పెట్టాను. ఒట్టు పెట్టుకున్నవాణ్ణి గనుక నేను ఒక్క చుక్క కూడా తాగే వీల్లేదు. ఎండిన నోటితో ఇంకొకరికి రుచులు చెప్పే పని నాకు పెట్టావు నువ్వు.

గ్రిన్యొలీనో దారం నేనే కత్తితో కోసి తెరిచాను. కార్జం వేపుడూ, జొన్నరొట్టే ముందు పెట్టించాను. మీ నాయన గ్లాసు ఎండకు పట్టి చూసి, ‘గిది ఏందిరా, మోదుగుపూలు నానేసిన నీళ్ళ లెక్కున్నది’ అన్నాడు. ఒక గుక్క తాగి మొహం ముడిచాడు. నోరంతా గుంజుతోందన్నాడు. కార్జం ముక్క తిని మళ్ళీ తాగమన్నాను. తాగాడు. పెదవులు చప్పరించాడు. ‘ఇప్పుడు గుంజుతలేదు. నూనెంత కడిగేసింది. మల్ల తినబుద్ధయితున్నది’ అన్నాడు. నిజంగా సంతోషపడ్డాడురా. కొడుకు దినాల రోజున, ఒక్క నిమిషం పాటు, కొడుకు తిన్నట్టే తాను తింటున్నానని సంతోషపడ్డాడు. ‘నా కొడుకు గక్కడ మంచిగనే తిన్నడన్నట్టు’ అని మీ అమ్మతో అన్నాడు. జవాబిమ్మంటున్నావు కదా, ఆయనకు ఏది నచ్చిందని. ఇదే నచ్చింది. ఆ తర్వాత ఏదీ నచ్చే స్థితి లేదు.

ఎందుకంటే రెండోది తాను తెరుస్తానని అడిగి తీసుకున్నాడు. ఫ్రెయిజా పొంగుతుంది గనుక దాని బిరడాకు నువ్వు దారం ఇంకా గట్టిగా బిగించావు. నేను కత్తి ఇవ్వబోయాను. మంచి దారం కోసుకుంటారా అని ఆయన ముడి విప్పడానికి వంగాడు.

మీ నాయన ముడి సంగతి నీకు నేను చెప్పాలా? చెరకు గానుగలో కుడిచేతి రెండు వేళ్ళు పోయాక, ఆయన ఎడమచేత్తో తిరగేసి వేసి, కొసను పంటితో లాగి బిగించే ముడి. ఊరందరి ముడులూ ఒక పక్క విప్పుకుంటే ఆయనది ఇంకో పక్క విప్పుకుంటుంది. నీ వేళ్ళు నీకున్నా, ఆయన వెనకాల తిరుగుతూ నువ్వు అదే నేర్చుకున్నావు. మిలిటరీలో లారీ మీద తాడు నువ్వు కడితే ఎవడూ విప్పలేక తిట్టుకునేవాళ్ళు. బయల్దేరిన పొద్దున నువ్వు ఆ దారాలు కడుతుంటే నేను పక్కనే ఉండి కూడా చూసుకోలేదు.

ఆయన వేళ్ళు ఆలోచించకుండానే ఎడమవైపు తిరిగాయి. ముడి విడిపోయింది. దారం చేతిలో పట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ‘గీ ముడి ఎవరేసిన్రు విరూపాక్షా’ అన్నాడు.

నేను కుండనీళ్ళలోని మూడో సీసా వైపు తల తిప్పుకున్నాను.

‘నువ్వు బయలెల్లిన పొద్దుగాల గా ముసలాయన కట్టిండంటివి. నీ కండ్ల ముంగట కట్టిండంటివి. మరి గీ ముడి గాయినకెట్ల వచ్చింది’ అని మళ్ళీ అడిగాడు. గొంతు పెంచలేదు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంకో అబద్ధం నోటికి వచ్చేదేమో. జబ్బార్ చాచా చేతిలో రొట్టె అట్లాగే ఆగిపోయింది. మీ అమ్మ ఆయన మొహం వైపూ నా మొహం వైపూ చూస్తోంది. వడ్డిస్తున్న దేవమ్మ తలకాయ కూర గిన్నెతో నా పక్కనే నిలబడి ఉంది. మణికట్టుకు గుడ్డపీలిక కట్టుకుని ఉంది.

చెప్పేశాను. బతికే ఉన్నాడని, అక్కడే పెళ్ళి చేసుకున్నాడని, చచ్చాడని చెప్పమన్నది తానేనని. ఆ మూడు మాటలూ చెప్పడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఫ్రెయిజా బిరడా దానంతటదే ఎగిరిపడి, నురగ మీ నాయన ధోవతి మీద పొంగింది. ఎవరూ తుడవలేదు.

మీ అమ్మ ముందు తేరుకుంది. ‘నా కొడుకు బతికిండు, నా కొడుకు బతికిండు’ అని లేచి, నవ్వుతూ ఏడుస్తూ లోపలికి పరిగెత్తి, ఎప్పటివో తన పచ్చ గాజులు తెచ్చి దేవమ్మ చెయ్యి పట్టుకుంది. తొడగబోయింది. దేవమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ‘పొద్దుగాల బతికున్నోని పేరు మీద పగలగొట్టిన్రు. ఇప్పుడు మల్ల బతికున్నోని పేరు మీద తొడుగుతరా అత్తా? నా చేతులేమన్న ఆటబొమ్మయా?’ అంది. గిన్నె కింద పెట్టి, ఎవరి ముందు ఏమి తక్కువైందో చూసి వడ్డించింది. వచ్చినవాళ్ళను ఆకలితో పంపకూడదని వడ్డించింది.

మూడో సీసా తెరవమన్నది మీ నాయనే. నేను వద్దన్నాను. ‘తే. పంపినోడు బతికే ఉన్నడు గద, రుచి చూసి చెప్పాలె గద’ అన్నాడు. రుకే తీసి కారంగా వండిన మాంసం కూర ముందు పోశాను. వాసన వాకిలంతా పరుచుకుంది. జబ్బార్ చాచా తాగడు గనుక గిలాస ఎత్తి వాసన మాత్రం చూసి, ‘అరె, గులాబ్ అత్తర్ లెక్కున్నది కదా’ అన్నాడు. తర్వాత మీ నాయన వైపు చూసి, గిలాస కింద పెట్టి, తల వంచుకున్నాడు. మీ నాయన ఒక్క గుక్కలో తాగాడు. వెలుతురుకు పట్టలేదు, వాసన చూడలేదు, ముద్ద తినలేదు. ‘తియ్యగున్నదా కాకా’ అని నేనే అడిగాను, ఏదో ఒకటి అడగాలి గనుక. ఆయన, ‘నాకేం తెలుస్తలేదు బిడ్డా, నోరు సచ్చిపోయింది’ అన్నాడు.

దేవమ్మ వచ్చి ఆయన చేతిలోంచి గ్లాసు తీసుకుంది. అడుగున మిగిలినదాన్ని తాను తాగింది. అందరి ముందూ, నిలబడే తాగింది. నాలుక మీద ఆపి, నువ్వూ నేనూ నేర్చుకున్నట్టే ఆపి, మింగింది. మొదట పూల వాసనొచ్చిందని, ఆ వెనకనే మిరియం లెక్క మండిందని చెప్పింది. ‘మంచిగనే ఉన్నది, ఆగిపోయేంత మంచిగున్నదా అంటే నాకు తెల్వదు’ అంది. జాకొమో తాత అక్కడ ఉంటే నీ వీపు కాదు, ఆమె వీపు చరిచేవాడు. గిలాసలు కడిగి, జబ్బార్ చాచాకు లెక్కగా అప్పజెప్పింది.

ఆ ఫ్రెయిజాను ఎవరూ ముట్టలేదు. సాయంత్రానికి నురగ చచ్చి, మర్నాటికి పుల్లబడింది.

ఊళ్ళో సంగతి దాగలేదు. దినాలు తిన్నవాళ్ళే నవ్వారు. బతికున్నవాడికి పిండం పెట్టిన ఇల్లని సంతలో అనుకున్నారు. నాకైతే మీ నాయన మొహం చూసే ధైర్యం చాలా రోజులు రాలేదు. బస్సు మీ ఇంటి ముందునుంచి పోయేటప్పుడు తల తిప్పుకునేవాణ్ణి. ఒకరోజు ఆయనే బస్సుకు అడ్డం నిలబడి ఆపి, ‘నీ తప్పు లేదు, నువ్వు దోస్తు చెప్పిందే చేసినవు, ఇంటికొచ్చి మజ్జిగ తాగి పో’ అన్నాడు. అంత మంచి మనిషికి నువ్వు మూడు సీసాలతో సరిపెట్టావు.

ఇక నీ రెండో ప్రశ్న.

దేవమ్మ ఆ ఇంట్లో లేదు. శ్రావణంలో, నీ ఉత్తరం రాకముందే, ఆమెకు మారుమనువు అయింది. కోహీరులో జామతోట ఉన్న చంద్రప్ప అనే ఆయన. పెళ్ళాం పోయి ఇద్దరు పిల్లలు. ఆమె అన్న వచ్చి మీ అమ్మానాయనల ముందే మాట్లాడి, పదిమంది ఎదుట తీసుకుపోయాడు. మీ నాయన అడ్డు చెప్పలేదు. అక్కడ ఆమెకు తక్కువేమీ లేదని వింటున్నాను. కొత్త గాజులు తొడుక్కుంది, పిల్లలు అమ్మా అని పిలుస్తున్నారు. నువ్వు కోరుకున్నదే జరిగింది. కనుక నువ్వు అన్నీ వదిలి రావలసిన పని లేదు. వచ్చినా ఇక్కడ నీ కోసం ఎవరూ కూర్చుని లేరు. నీ బిడ్డను పెంచుకో. లూచియాను ఏడిపించకు. మళ్ళీ ఉత్తరాలు రాయకు.

జాకొమో తాతకు నా దండాలు చెప్పు. ఆయన ప్రాణం పోసిన ఇద్దరిలో ఒకడు ఆ రుచులను మరిచిపోవాలని రోజూ లింగం ముందు కూర్చుంటున్నాడని చెప్పు.

ఇట్లు,
ఒకప్పటి నీ దోస్తు,
విరూపాక్ష.

తా.క.

పైన రాసినదాన్ని దేవమ్మ ఎదురుగా కూర్చుని రాయించింది. మొదటి ప్రశ్నకు జవాబు నా ఇష్టానికి వదిలేసింది. అదంతా జరిగింది జరిగినట్టే రాశాను. రెండో ప్రశ్నకు జవాబు ఒక్కొక్క మాటా ఆమెదే. నీ ఉత్తరం నేను మీ ఇంట్లో చదివి వినిపించిన రోజున, మీ అమ్మ నిన్ను రమ్మని రాయమంది. మీ నాయన లేచి పొలానికి పోయాడు. ఇవాళ దేవమ్మ ఒక్కతే బస్సు స్టాండుకు వచ్చి, ‘కాయితం తీయన్నా, నేను చెప్త రాయి’ అంది.

కోహీరులో చంద్రప్ప అనేవాడు ఎవడూ లేడు.

ఇదెందుకు చెల్లే అని అడిగాను. ‘వాడొస్తే గక్కడ గా పిల్ల గాజులు పగలాలె. ఒక్కని కోసం ఇద్దరం ముండమొయ్యాల్నా? నాకెట్లనో అయిపాయె, దానికెందుకు’ అంది. ‘జాలి పడి వచ్చినోడు నాకొద్దన్నా’ అని కూడా అంది. రాసింది మొత్తం చదివించుకుని విని, బాగుందని తలూపి వెళ్ళిపోయింది. ఇప్పుడు రాస్తున్నది ఆమెకు తెలియదు. నీ కోసం ఒకసారి అబద్ధమాడి ఆ వాగు ఒడ్డున నిలబడ్డాను. ఆమె కోసం ఇంకోటి ఆడి నిన్ను సుఖంగా నిద్రపోనిచ్చే ఓపిక నాకు లేదు.

ఆమె మీ ఇంట్లోనే ఉంది. అన్న వచ్చి పిలిస్తే పోలేదు. మీ అమ్మ దసరా నుంచి మంచం దిగడం లేదు, ఎత్తి కూర్చోబెట్టి తినిపించేది ఆమే. మీ నాయన ఇప్పుడు మోపు కట్టాలంటే ఆమె అవతలి కొస పట్టుకుంటుంది. మారుమనువు మాట ఎత్తితే, మొగుడు బతికుండగా మనువేందని నవ్వుతుంది. చేతులు బోసిగానే ఉన్నాయి.

రమ్మని నేను రాయడం లేదు. రావద్దని కూడా ఇక రాయలేను.

ఒక్క సంగతి మాత్రం నీకు తెలియాలి. నువ్వు చచ్చిపోయావని నేను చెప్పిన రోజు, గోడ అవతల ఆమె పొద్దుగూకేదాకా ఏడ్వడం నేను విన్నాను. నువ్వు బతికున్నావని తెలిసిన నాటినుంచి ఆమె ఒక్కసారి కూడా ఏడవలేదు.